వానపడ్డ ఆదివారం, పాల్ నాష్ చెట్లు

పొద్దున లేచేసరికే వాన, బయటికెళ్ళే పనేం లేదు, ఉతికిన బట్టలు ఇంట్లోనే దండెం మీద ఆరేసి కాఫీ తాగుతూ ఫోన్‌లో మళ్ళీ ఆ బొమ్మే తెరిచా. వారం నుంచీ ఇదే పని. పాల్ నాష్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1918లో వేసిన ఆయిల్ పెయింటింగ్ అది, 'మేం కొత్త ప్రపంచం తయారుచేస్తున్నాం' అని పేరు. వెనకాల ఎర్రమట్టి రంగులో మబ్బులు, వాటి మీంచి తెల్లగా పాలిపోయిన సూర్యుడు, ముందంతా మోడైపోయిన చెట్లు. నేల నేలలా లేదు, దిబ్బలూ గుంతలూ కలిసి సముద్రం అలల్లా ఉంది. వేలితో జూమ్ చేసుకుంటూ ఈ మూల నుంచి ఆ మూలదాకా వెతికా, మనిషన్నవాడు ఒక్కడు లేడు, శవం కూడా లేదు.

మొదటి ప్రపంచయుద్ధం చూసొచ్చి వేసిన బొమ్మ ఇది, ఆ యుద్ధానికి ముందు ఆయన ఏం వేశాడో చూశాకే ఈ బొమ్మ నాకు పట్టుబడింది. పుట్టింది 1889లో లండన్‌లో, తర్వాత కుటుంబమంతా బకింగ్‌హామ్‌షైర్‌లో ఐవర్ హీత్ అనే పల్లెకి మారిపోయారు. అమ్మకి మనసు బాగుండేది కాదు, కాస్త పల్లెగాలికి కుదుటపడుతుందనుకున్నారు గానీ 1910లో చనిపోయింది, అప్పటికి ఆయనకి ఇంకా ఇరవయ్యేళ్ళు. అదే ఏడు లండన్‌లో స్లేడ్ స్కూల్ అనే బొమ్మల కాలేజీలో చేరాడు. తర్వాత పేరున్న చిత్రకారులైన స్టాన్లీ స్పెన్సర్, నెవిన్సన్, మార్క్ గెర్ట్లర్, వీళ్ళంతా అక్కడ ఉన్న రోజులే అవి. అక్కడ మనిషి బొమ్మ గీయడమే అసలు చదువు, ఈయనకి మనుషులు సరిగా వచ్చేవారు కాదు, హెన్రీ టాంక్స్ అని చాలా కఠినమైన మాస్టారు, ఆయనకేమో వీడి మీద పెద్దగా నమ్మకం కుదరలేదు. ఏడాదికే వదిలేసి ఇంటికొచ్చి చెట్ల మీద పడ్డాడు. ఇంటి దగ్గర పక్కపక్కనే నిలబడ్డ మూడు ఎల్మ్ చెట్లుంటే వాటినే మళ్ళీ మళ్ళీ వేశాడు, ఇంకుతో, వాటర్ కలర్‌తో. బాటమ్లీ అనే కవి మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెట్లని మనుషుల్లాగే వెయ్యాలని చూస్తున్నానన్నాడు. ఆ మాట చదివి మళ్ళీ మోళ్ళ వైపు చూస్తే ఒళ్ళు జలదరించింది. మనుషుల్లేని బొమ్మ అనుకున్నా కదా, అందరూ అక్కడే ఉన్నారు, నిలబడే ఉన్నారు.

1914 సెప్టెంబర్‌లో ఆర్టిస్ట్స్ రైఫిల్స్ అనే సైనిక దళంలో చేరాడు, డిసెంబర్‌లో మార్గరెట్‌ని పెళ్ళి చేసుకున్నాడు. చాన్నాళ్ళు ఇంగ్లండ్‌లోనే ఉండి 1917 ఫిబ్రవరిలో హాంప్‌షైర్ రెజిమెంట్ ఆఫీసరుగా బెల్జియంలో ఈప్ర్ అనే ఊరి దగ్గర యుద్ధరంగానికి వెళ్ళాడు. ఆశ్చర్యం ఏంటంటే అప్పుడు ఇంటికి రాసిన ఉత్తరాలు సంతోషంగా ఉంటాయి. గుండ్లకి చిరిగిపోయి, విషవాయువు కంపు కొట్టిన అడవి వసంతం రాగానే పచ్చగా చిగురించిందనీ, ట్రెంచ్ (సైనికులు దాక్కునే కందకం) గట్టు మీద డాండెలియన్ పూలు బంగారంలా మెరుస్తున్నాయనీ రాశాడు. ఈ ఒక్క ఉత్తరం గురించే ఇవాళ చాలాసేపు ఆలోచించా. చావు పక్కనే ఉన్నా చెట్టు మళ్ళీ చిగురిస్తుందని అప్పటికి ఆయనకి నమ్మకం ఉంది.

మే 25 రాత్రి చీకట్లో కాలుజారి ట్రెంచ్‌లో పడ్డాడు, పక్కటెముక విరిగింది. ఇంగ్లండ్ పంపేశారు. కొద్దిరోజులకే ఆయన దళం హిల్ 60 అనే గుట్ట దగ్గర దాడికి వెళ్ళింది, చాలామంది చచ్చిపోయారు. ఎముక విరగబట్టి బతికాడు మనిషి. మంచం మీద ఉండి తోటివాళ్ళ కబురు విన్నరోజు ఎలా గడిచుంటుందో నాకు ఊహకి కూడా అందట్లేదు.

అక్కడ గీసుకున్న స్కెచ్‌లనే బొమ్మలు చేసి జూన్‌లో లండన్‌లో ప్రదర్శన పెడితే జనం గుర్తించారు, దాంతో నవంబర్‌లో అధికారిక యుద్ధ చిత్రకారుడిగా మళ్ళీ అక్కడికే పంపారు. ఈప్ర్ దగ్గరే జరిగిన పాషెన్‌డేల్ యుద్ధం అప్పుడే ముగుస్తోంది. ఈసారి చిగుళ్ళు లేవు, వాన, బురద, నీళ్ళు నిండిన గుంతలు, అంతే. మార్గరెట్‌కి రాసిన ఉత్తరం స్వరమే మారిపోయింది, నేనిప్పుడు కుతూహలంతో చూసే ఆర్టిస్టుని కాదు, ఇక్కడ పోరాడేవాళ్ళ దగ్గర్నుంచి యుద్ధం ఆగకూడదనేవాళ్ళకి కబురు మోసుకొచ్చేవాణ్ణి అని దాని సారాంశం. బ్రౌన్ పేపర్ మీద చాక్‌తో, ఇంకుతో గబగబా గీసుకున్నాడు, అందులో ఇన్‌వర్‌నెస్ కాప్స్ అనే చోట సూర్యోదయం బొమ్మే తర్వాత నేను రోజూ చూస్తున్న ఈ పెయింటింగ్ అయ్యింది. అప్పటిదాకా ఆయనది ఇంకూ వాటర్ కలరే, ఆయిల్ రంగులు పట్టడం దాదాపు అప్పుడే మొదలు. అందుకేనేమో ఆ మట్టిదిబ్బల మీద బ్రష్ ఒక్కో దిబ్బనీ విడివిడిగా తడిమినట్టు కనిపిస్తుంది నాకు.

తర్వాత ఇంగ్లండ్‌లో చాల్‌ఫాంట్ సెయింట్ పీటర్ అనే ఊళ్ళో మూలికలు ఆరబెట్టే షెడ్ ఒకటి అద్దెకి తీసుకుని తమ్ముడు జాన్‌తో కలిసి పనిచేశాడు. జాన్ కూడా యుద్ధానికి వెళ్ళొచ్చినవాడే, చిత్రకారుడే. పాల్ అక్కడ మొదలుపెట్టిన 'మెనిన్ రోడ్' అనే బొమ్మ దాదాపు పదిన్నర అడుగుల వెడల్పు, 1919లో పూర్తయింది. ఇందులో మాత్రం సైనికులున్నారు, విరిగిన చెట్ల మధ్య ఎంత చిన్నగా అంటే ముందు నేను గమనించనేలేదు. సాయంత్రం ఆరు దాటి యుద్ధం బొమ్మల పని అయిపోయాక జాన్ పక్కనున్న పంటచేను వేసుకునేవాడట, గోధుమ పనలు, ఎండ. ఎండిన మూలికల వాసన మధ్య పొద్దంతా బురద వేసి బయటికొస్తే ఎదురుగా ఆ చేను.

సాయంత్రానికి వాన తగ్గింది. పెన్సిల్ తీసుకుని కిటికీలోంచి కనబడే చెట్టు గీద్దామని కూర్చున్నా. కాండం దగ్గరే గంట పట్టింది, తడిసి నల్లబడిన బెరడు మీద ఒక చీలిక పైదాకా మెలితిరుగుతూ పోయింది, దాన్ని పట్టుకునేలోపే చీకటి పడింది. కొమ్మలు ఇంకా గీయలేదు.