నెట్‌వర్క్ ఫోరెన్సిక్స్ నేర్చుకున్నాను, కానీ ఆ 8:40 ఏ గడియారంలోది?

మా ఆఫీసులో పనిచేసే అక్కకి ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చింది మొన్ననే. నా మనసు ఇంకా కుదుటపడలేదు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

బెంగళూరులో మారతహళ్లి పీజీలో ఉంటూ నెట్‌వర్క్ ఫోరెన్సిక్స్ కోర్సు చేశాను, అంటే నెట్‌వర్క్‌లో ఏం జరిగిందో ఆధారాలు వెతికే పని. నాలుగు నెలలు, 72,000 రూపాయలు. నెట్‌వర్క్‌లో వెళ్లే డేటాని పట్టి చూపించే వైర్‌షార్క్ అనే టూల్ రెండు వారాల్లో చేతికొచ్చింది. కనెక్షన్ మొదలయ్యేటప్పుడు రెండు కంప్యూటర్లు పంపుకునే సిన్, సిన్-యాక్, యాక్ అర్థమయ్యాక మిగతాదంతా సాధనే. టీఎల్‌ఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌లో మాటలు చదవలేకపోయినా, కనెక్షన్ మొదట్లో వెళ్లే క్లయింట్ హలో అనే సందేశంలో సర్వర్ పేరు చాలాసార్లు బయటికే కనిపిస్తుందని తెలిసిన రోజు పండగలా అనిపించింది. మూడు ఇంటర్వ్యూలు, మానిటరింగ్ టీమ్‌లో ఉద్యోగం.

ఆ కోర్సు మీద నాకు కోపం ఉంది. టూల్స్‌లో ఏ మెనూ ఎక్కడుందో చూపించారు. లాగ్‌లో, అంటే సిస్టమ్ రాసుకునే రికార్డులో, కనిపించే టైము ఏ టైమ్‌జోన్‌దో ముందు చూసుకోమని నాలుగు నెలల్లో ఒక్కరూ చెప్పలేదు. ఫీజు కట్టేముందు డెమో క్లాసులో అదే అడగండి. జవాబు చెప్పలేకపోతే లేచి వచ్చేయండి.

చేరిన రెండో నెలలో నెట్‌వర్క్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ లాగ్‌లో ఒక ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌కి ఇచ్చే నంబరు, కనిపించింది. మా ఆఫీసు వైఫైలోంచి బయటి సర్వర్ ఒకదానికి ప్రతి 60 సెకన్లకీ ఒకే సైజులో చిన్న కనెక్షన్. 08:40కి మొదలై 09:25కి ఆగింది. మాల్వేర్ తనని నడిపేవాడికి కబురు పంపే తీరు అది, బీకనింగ్ అంటారు. ఇలాంటివి గమనించిన 6 గంటల్లోగా సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి తెలపాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు ఉన్నాయి. ఆ టెన్షన్‌లో పరుగెత్తాను. ఏ ల్యాప్‌టాప్‌కి ఏ ఐపీ ఇచ్చిందీ ఉండే డీహెచ్‌సీపీ లాగ్ తెరిచి, ఉదయం 8:40కి ఆ ఐపీ ఎవరి దగ్గర ఉందో చూశాను. సపోర్ట్ టీమ్‌లో నైట్ షిఫ్ట్ చేసే అక్కది. మా సీమ మనిషి. నేను చేరిన కొత్తలో టమోటా పచ్చడి డబ్బా తెచ్చిచ్చింది ఆమే. అయినా రిపోర్టులో ఆమె పేరు రాశాను. నిష్పక్షపాతంగా ఉన్నానని ఆ రాత్రి గర్వపడ్డాను కూడా.

సాయంత్రం షిఫ్టుకి రాగానే ఆమె ల్యాప్‌టాప్ తీసేసుకున్నారు. హెచ్‌ఆర్ గదిలో రెండు గంటలు కూర్చోబెట్టారు.

మర్నాడు మీటింగ్‌లో పన్నెండు మంది ముందు నా రిపోర్టు చదివాను. సీనియర్ ఒకే ప్రశ్న అడిగారు. "ఫైర్‌వాల్ ఏ టైమ్‌లో రాస్తుంది?" నా నోట మాట రాలేదు. ఆయనే సెట్టింగ్ తెరిచి స్క్రీన్ మీద చూపించారు. యూటీసీ, మన టైముకంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయం. డీహెచ్‌సీపీ లాగ్‌లో ఉన్నది మన టైము. 08:40 అంటే మనకి మధ్యాహ్నం 2:10. ఒక ఐపీని ఒక ల్యాప్‌టాప్‌కి ఇచ్చే గడువు, లీజు, గంటే. ఆ ఐపీ 2:02కి వేరే టీమ్ ల్యాప్‌టాప్‌కి వెళ్లింది. అక్క ఉదయం 8:45కే కార్డు స్వైప్ చేసి వెళ్లిపోయింది. నేను అనుకున్న టైమే నిజమైనా, 9:25 దాకా మా వైఫైలోంచి కనెక్షన్లు ఎలా వెళ్తాయి? ఆ స్వైప్ రికార్డు నాకు అందుబాటులోనే ఉంది. తెరవలేదు. తలెత్తి ఎవరినీ చూడలేకపోయాను.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పారు. 6 గంటల్లో పంపాల్సిన రిపోర్టుకి ఏం జరిగింది, ఏ సిస్టమ్‌లో జరిగింది అన్నది కావాలి, మనిషి పేరు అక్కర్లేదు. ఐపీ అడ్రస్ మనిషి కాదు. అసలు ఆ రెండో ల్యాప్‌టాప్ ఆయన కూడా బిల్లు అనుకుని మెయిల్‌లో వచ్చిన ఫైలు తెరిచాడు, అంతే. దొంగని పట్టుకున్నట్టు మనుషుల్ని గదుల్లో కూర్చోబెట్టడం ఏ కంపెనీలో అయినా తప్పు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకి ఒకటి చెప్పాలి. విండోస్ సర్వర్‌లో డీహెచ్‌సీపీ లాగ్ వారానికి ఏడు ఫైళ్లే, రోజుకొకటి. వచ్చే మంగళవారం ఈ మంగళవారం ఫైలు చెరిగిపోతుంది. ముందు దాన్ని కాపీ చేసి, ఫైలు తర్వాత మారలేదని చూపించే కోడ్, హ్యాష్, తీసి పెట్టుకోండి. లాగ్స్ 180 రోజులు ఉంచాలని ఆ సెర్ట్-ఇన్ ఆదేశాలే చెబుతున్నాయి. మా దగ్గర ఈ ఫైలు సంగతి ఎవరికీ పట్టలేదు.

పోయిన వారం, వెబ్‌సైట్ల అడ్రసు అడిగే ప్రశ్నల్లో డేటా దాచి పంపే డీఎన్‌ఎస్ టన్నెలింగ్ కేసు నలభై నిమిషాల్లో తేల్చాను. ఒకే డొమైన్‌కి పొడుగాటి అర్థంలేని సబ్‌డొమైన్లతో వేల ప్రశ్నలు. టీమ్‌లో అందరికంటే ముందు పట్టింది నేనే.

అయినా మొన్న అక్క ముందు నిలబడి, పేరు రాసింది నేనేనని చెప్పేసరికి గొంతు పెగల్లేదు. ఆమె తిట్టలేదు. "ఒక్క ఫోన్ చేసి అడిగింటే చెప్పేదాన్ని కదప్పా," అంది. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి తన పని మొదలుపెట్టింది.

ఇప్పుడు మా రిపోర్టు ఫారంలో మొదటి గడి, ఏ లాగ్ ఏ టైమ్‌జోన్‌లో ఉంది అన్నది. అది నేను అడిగి పెట్టించుకున్నాను. ఉద్యోగి పేరు రాసే గడి తీసేయించాను.