వాట్కిన్స్ గ్లెన్: 832 మెట్లు, అత్తమ్మ మోకాళ్ళు

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఇక్కడ అమెరికాలో అందరం నయాగరాకే తీసుకెళ్తాం. ఈసారి జూన్‌లో మావారు న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ పార్కులో క్యాంపింగ్ బుక్ చేశారు. న్యూజెర్సీలో మా ఇంటి నుంచి కార్లో నాలుగు గంటల పైనే. టెంట్ సంగతి ఎలా ఉన్నా, నా టెన్షనంతా అక్కడి లోయలో నడిచే దారి, గార్జ్ ట్రైల్‌లోని 832 మెట్ల గురించే. అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ మాటంటే, "అలిపిరి మెట్లు మూడు వేల అయిదొందలు ఎక్కినదాన్ని, ఇదో లెక్కా!" అని కొట్టిపారేశారు. అది ఎన్నేళ్ళ కిందటి మాటో గుర్తు చేసే ధైర్యం నాకు లేదు.

ఆలస్యమైతే పార్కింగ్ దొరకదని పొద్దున్నే కింద మెయిన్ ఎంట్రన్స్ దగ్గర మొదలుపెట్టాం. చీర మీదే స్పోర్ట్స్ షూస్ వేయించాను. అది మాత్రం వదలకండి, చాలాచోట్ల రాయి తడిసే ఉంటుంది.

మెట్లన్నీ ఒక్కచోట లేవు. దాదాపు రెండున్నర కిలోమీటర్ల దారిలో పది ఒకచోట, ముప్ఫై ఒకచోట వస్తాయి. మధ్యలో వాగు పక్కనే నడక. మొత్తం 19 జలపాతాలు కాబట్టి, ఆయాసం వచ్చిన ప్రతిసారీ నిలబడ్డానికి ఒక సాకు దొరుకుతుంది. అత్తమ్మ ఎక్కడా "అలిసిపోయాను" అనలేదు, "ఇక్కడ ఒక ఫొటో తియ్యమ్మా" అన్నారంతే.

కేవర్న్ కాస్కేడ్ దగ్గర దారి జలపాతం వెనక నుంచే వెళ్తుంది. ముందు నీటి తెర, వెనక రాతి గోడ, పక్కవాళ్ళ మాట వినపడనంత హోరు. అది దాటగానే కొండలో తొలిచిన చీకటి సొరంగంలో మెలికలు తిరిగిన మెట్లు. అక్కడ మాత్రం నేను అత్తమ్మ చెయ్యి వదల్లేదు. మామయ్య గోడని తడిమి, "తాండూరు బండలు పేర్చినట్టుంది కదే" అన్నారు. నిజమే, పలకలు పలకలుగా ఉంటుంది. మెత్తటి పొరలు త్వరగా అరిగి, గట్టివి నిలబడటం వల్లే ఇన్ని జలపాతాలు. మంచుయుగం ముగిశాక ఈ చిన్న వాగే, సుమారు 12,000 ఏళ్ళుగా, ఈ లోయని కోస్తూ వచ్చింది.

చిన్న వాగని తక్కువ అంచనా వెయ్యక్కర్లేదు. పైన వేలాడే వంతెన నీటికి 85 అడుగుల ఎత్తులో ఉంటుంది. 1935 వరదలో నీళ్ళు దానికి అయిదడుగుల కింద దాకా వచ్చాయట! ఇప్పుడు మనం నడిచే రాతి దారి చాలావరకు ఆ తర్వాత కట్టిందే.

నీళ్ళలోకి దిగనివ్వరు. అత్తమ్మకి అదొక్కటే అసంతృప్తి. రెయిన్‌బో ఫాల్స్ కింద దారి మీదికి కారుతున్న నీటికి దోసిలి పట్టి నెత్తిన చల్లుకున్నారు. "ఇంత నీళ్ళు పడుతుంటే ఒక్క శివలింగమైనా లేదేంట్రా" అని కొడుకుని అడిగారు.

చివర్లో జేకబ్స్ ల్యాడర్ అని 180 మెట్లు ఒక్క వరసన ఉంటాయి. మేం ఎక్కలేదు. నన్నడిగితే, జలపాతాలు చూసేశాక అది ఎక్కకపోయినా పోయేదేం లేదు. మైల్ పాయింట్ బ్రిడ్జి దాటి, పులిహోర తిని, పైనున్న ఇండియన్ ట్రైల్ మీదుగా చెట్ల నీడలో వెనక్కొచ్చాం.

రాత్రి టెంట్‌లో జండూబామ్ వాసన. మర్నాడు టాగానక్ ఫాల్స్‌కి వెళ్ళాం. 215 అడుగుల జలపాతం, కింది దారి దాదాపు చదునే, మెట్ల గొడవ లేదు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ముందు అదే పెట్టుకోండి. గార్జ్ ట్రైల్ చలికాలమంతా మూసేస్తారు, మళ్ళీ తెరిచేది మే నెలలోనే, అది కూడా చూసుకుని బుక్ చెయ్యండి.