40 వేల మడత కత్తిలో ఆ 40 వేలు ఎక్కడున్నాయి?

నాకు మడత కత్తుల పిచ్చి ఉందని తెలిసిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే. "40 వేలు పెట్టావంట, ఏం కోస్తదిరా అది?" జవాబు ముందే చెప్పేస్తాను. పది పదిహేను యూరోలకి దొరికే ఓపినెల్ అనే ఫ్రెంచి మడత కత్తి కన్నా గొప్పగా ఏమీ కొయ్యదు, కొన్నిటిని దానికన్నా హీనంగా కోస్తుంది. ఇది తెలిసే కొన్నాను, ఇప్పటికీ నా జేబులో ఉండేది ఆ 40 వేల కత్తే. ఆ డబ్బంతా పోయేది కీలుకి, ధారకి కాదు. ఈ సంగతి తెలియకుండా కొన్నవాళ్ళకి మాత్రం ఏడుపే మిగులుతుంది.

ముందు కొయ్యడం గురించి. కత్తి బాగా తెగుతోందంటే బ్లేడు పల్చగా ఉన్నట్టు, ధార సరైన కోణంలో పెట్టినట్టు, ఉక్కుని కాల్చి చల్లార్చిన పద్ధతి బాగున్నట్టు. ఇవేవీ ఖరీదైన కత్తులకే సొంతం కాదు. ఫ్రాన్సులో సవోయ్ కొండల్లో జోసెఫ్ ఓపినెల్ 1890లో మొదలుపెట్టిన కత్తులున్నాయే, వాటిలో ఎనిమిదో నంబరు బ్లేడు మందం 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు. నా 40 వేల కత్తి పేరు సెబెంజా, దాని మందం దాదాపు 3. క్యారెట్టు మీదో పచ్చికొబ్బరి మీదో రెండూ పెట్టి చూడండి, ఓపినెల్ మెత్తగా దిగిపోతుంది, సెబెంజా సగం దాకా దిగాక మిగతా సగాన్ని టప్పున చీల్చేస్తుంది. ఆవకాయల సీజన్లో మా అమ్మ "అంత పోసి కొన్నావుగా, ఆ కాయలు నువ్వే ముక్కలు కొట్టు నాన్నా" అని ఎగతాళి చేస్తుంది. టెంకతో సహా కొట్టాలంటే మార్కెట్లో కూర్చునే వాళ్ళ కత్తే కావాలి, ఎంత ఖరీదైన మడత కత్తి పెట్టినా కీలు పోవడమే.

మరి ఓపినెల్‌తోనే సరిపెట్టుకోవచ్చుగా అంటే, చాలామందికి సరిపోతుంది కూడా. కానీ దాని పిడి బీచ్ చెక్క, మన గుంటూరు వానాకాలం తేమకి ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది, గోరు పెట్టి లాగితే గోరే ఊడేలా ఉంటుంది. సవోయ్ వాళ్ళకీ ఈ బాధ ఉంది కాబట్టే పిడి వెనక కొసని బల్లకేసి కొడతారు, ఆ దెబ్బకి బ్లేడు కొంచెం బయటికొస్తుంది, అప్పుడు పట్టుకుని తెరుస్తారు. తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపడానికి 1955లో వచ్చిన తిరిగే రింగు మంచిదే గానీ దాన్ని తిప్పడానికి రెండు చేతులూ కావాలి. కార్బన్ ఉక్కు రకం తీసుకుంటే నిమ్మకాయ కోసి తుడవకుండా పెట్టామా, కాసేపటికే నల్లబడుతుంది. చెమట పట్టే ఊళ్ళో జేబులో పెట్టుకుంటే తుప్పు కూడా.

ఇక అసలు విషయం. సెబెంజాని రూపొందించిన క్రిస్ రీవ్ దక్షిణాఫ్రికా మనిషి, ఈ కత్తిని 1987లో తెచ్చి, తర్వాత రెండేళ్ళకి అమెరికాలో ఐడహో రాష్ట్రానికి మకాం మార్చాడు. తెరిచిన బ్లేడు మూసుకోకుండా ఆపే తాళాల్లో అంతకుముందే మైఖేల్ వాకర్ అనే కత్తుల తయారీదారు తెచ్చిన లైనర్ లాక్ ఉంది, అందులో పిడి లోపల ఉండే పల్చటి రేకు బ్లేడుకి అడ్డం పడుతుంది. రీవ్ ఆ రేకుని తీసేసి, పిడిలో ఒక వైపున్న టైటానియం పలకనే పొడుగ్గా చీల్చి లోపలికి వంచాడు, బ్లేడు తెరుచుకోగానే ఆ పలకే వెనక్కి చేరి గట్టిగా నిలబడుతుంది. వినడానికి ఇంతే. కానీ చెయ్యి ఎంత గట్టిగా పిడికిలి బిగిస్తే తాళం అంత బిగుస్తుంది కాబట్టి, ఇప్పుడు లెక్కలేనన్ని కంపెనీలు ఇదే పద్ధతి వాడుతున్నాయి. తేడా పనితనంలో ఉంది. బ్లేడు కొస పట్టుకుని పక్కకి ఊపితే కదలదు, అయినా బొటనవేలితో నెడితే నూనెలో జారినట్టు తెరుచుకుంటుంది. కీలు బిగిస్తే జారదు, వదులు చేస్తే ఊగుతుంది, చవక కత్తుల్లో ఈ రెంటిలో ఒకటి ఒప్పుకోవాల్సిందే. రెండూ కుదరాలంటే ప్రతి భాగాన్నీ చాలా కచ్చితంగా మిల్లింగ్ చేసి, ఒక్కోదాన్నీ మనిషి కూర్చుని సరిచెయ్యాలి. డబ్బు వెళ్ళేది అక్కడికి.

దీని విలువ నాకు పూర్తిగా అర్థమైంది మిర్చి యార్డులో. మా ఫ్రెండ్ ఒకడు కమిషన్ కొట్లో గుమస్తా, సీజన్లో వాడి దగ్గరికి వెళ్తే ఊరికే కూర్చోనివ్వడు, టిక్కీల (మిర్చి బస్తాల) కుట్లు కొయ్యమంటాడు. పురికొస కొయ్యడానికి గుంటూరు పట్నంబజార్లో దొరికే చవక కత్తి బ్రహ్మాండంగా సరిపోతుంది, అందులో వాదన లేదు. కానీ మిర్చి దుమ్ము ఎక్కడికైనా దూరుతుంది, కళ్ళలోకీ ముక్కులోకీ కీల్లోకీ. బాల్ బేరింగుల మీద తిరిగే నా ఇంకో కత్తి సాయంత్రానికల్లా గరగరలాడటం మొదలుపెట్టింది. సెబెంజాలో బేరింగులు లేవు, వెడల్పాటి ఫాస్ఫర్ బ్రాంజ్ వాషర్లు. దాన్ని తెరవడం కొంచెం బరువెక్కింది, అంతే. డబ్బాతోపాటు వాళ్ళే అలెన్ కీ, గ్రీజు ఇస్తారు, ఇంటికొచ్చి న్యూస్ పేపర్ పరిచి మూడు నాలుగు స్క్రూలు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాను. మళ్ళీ మొదటి రోజులాగే ఉంది, కీలు సర్దుకునే టెన్షన్ లేదు. (విప్పి తుడిచాక చేతులు కడుక్కోండి. మిర్చి చేత్తో కన్ను నలుపుకుంటే కత్తి గురించి ఆలోచించే స్థితిలో ఉండరు.)

ఉక్కు పేర్లు విని మోసపోకండి. 2001లో ఎస్30వి వచ్చినప్పుడూ ఇంక దీన్ని మించింది లేదన్నారు, 2021లో లోహ శాస్త్రవేత్త లారిన్ థామస్ రూపొందించిన మాగ్నాకట్ వచ్చినప్పుడూ అదే మాట. ఇవి పొడి ఉక్కులు, అంటే కరిగిన లోహాన్ని సన్నటి పొడిగా చల్లార్చి, వేడితో ఒత్తిడితో మళ్ళీ ముద్ద చేస్తారు, దాంతో లోపలి గట్టి కణాలు చిన్నవిగా, సమానంగా ఉంటాయి. మంచివే, తుప్పు తక్కువ గనక మాగ్నాకట్ మన ఉక్కపోతకి చాలా నయం. కానీ ధార ఎక్కువ కాలం నిలిచే ఉక్కు ధార పెట్టడానికి కూడా మొండికేస్తుంది, వంటింటి సానరాయి మీద రుద్దుతూ కూర్చుంటే విసుగు తప్ప ఏం రాదు, డైమండ్ ప్లేటు కొనుక్కోవాలి. సైకిల్ మీద సాన పట్టేవాళ్ళకి మాత్రం ఇవ్వకండి, వాళ్ళ పని వాళ్ళకి బాగా తెలుసు, కానీ నీళ్ళు పొయ్యని ఆ చక్రం మీద నిప్పురవ్వలు లేస్తుంటే పల్చటి ధార వేడెక్కి మెత్తబడిపోతుంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. చైనాలో యాంగ్‌జియాంగ్ అని కత్తుల ఊరుంది, అక్కడి వీ నైఫ్, దాని చవక బ్రాండు సివివి వచ్చాక ఈ ధరల్ని సమర్థించడం కష్టమైంది. 50, 60 డాలర్ల సివివి కీలు చూస్తే పదిహేనేళ్ళ క్రితం 200 డాలర్లకి దొరికే పనితనం కనిపిస్తుంది. నన్నడిగితే మొదటి కత్తి అదే కొనండి. అక్కణ్ణుంచి సెబెంజా ధర దాకా వెళ్తే వచ్చేది చిన్న మెరుగే, రోజూ తెరిచి మూసేవాళ్ళకి తెలుస్తుంది, మిగతావాళ్ళకి తెలియదు. పైగా తెచ్చిపెట్టమని డాలస్ బావగారిని బతిమాలాలి, లేదా కొరియర్, కస్టమ్స్ కట్టాలి.

అక్కడితో నా సమర్థన ఆగిపోతుంది. దాని పైన గీతల డిజైనుండే డమాస్కస్ బ్లేడు, రంగులు తిరిగే టైటానియం, ఉల్కరాయి పొదిగిన పిడి, "వంద మాత్రమే" అన్న ముద్ర, ఇవన్నీ బంగారం లేకుండా తరుగు, మజూరీ మాత్రమే కట్టడం లాంటివి. కీలు అంతకంటే బాగుపడదు. గీత పడుతుందని ఎవరూ వాడరు కూడా. ఆ డమాస్కస్ అన్నది కూడా ఈ రోజుల్లో ఎక్కువగా రెండు రకాల ఉక్కుని పొరలుగా అతికిన డిజైనే. పాతకాలపు డమాస్కస్ కత్తుల వెనకున్న, మూసలో కరిగించి చేసిన ఉక్కు వేరు, దాన్ని నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసేవాళ్ళు, పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కెళ్ళారు. అది మనది అని గర్వపడండి, దాని పేరు చెప్పుకుని లక్ష రూపాయలు మాత్రం ఇవ్వకండి.

కొనేవాళ్ళకి రెండు జాగ్రత్తలు. ఆయుధాల నిబంధనల్లో బ్లేడు 9 అంగుళాల పొడుగు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటితేనే ఆయుధం కింద లెక్క అని ఉంది, ఈ కత్తులు మూడు మూడున్నర అంగుళాలే, కానీ చెకింగ్‌లో ఎవరూ టేపు పెట్టి కొలవరు, మనవాళ్ళకి మడత కత్తి అంటే సినిమా విలన్ చేతిలో రాంపురీ చాకే. గన్నవరంలో ఫ్లైట్ ఎక్కితే చెక్-ఇన్ బ్యాగులో వెయ్యండి, అమ్మవారి గుడికి వెళ్తే ఇంట్లోనే ఉంచండి. రెండోది నకిలీలు. సెబెంజాకి ఉన్నన్ని నకిలీలు బహుశా ఏ కత్తికీ ఉండవు, డబ్బా, కాగితం కూడా అచ్చు దింపేస్తారు. సగం ధరకి కొత్తది ఇస్తామంటే అది నకిలీయే. అసలుది సెకండ్ హ్యాండ్‌లో కూడా పెద్దగా ధర తగ్గదు.