గ్రూప్-2 వాయిదాలు, 13వ కీర్తన

ప్రిపరేషన్ అనుభవాలు సెలెక్ట్ అయినోళ్లే రాయాలని రూలేం లేదు కాబట్టి రాస్తున్న. మన చర్చిల్లో సాక్ష్యాలు కూడా అంతే కదా, ఉద్యోగం వచ్చినంకనే మైకు చేతికొస్తది. నేను హనుమకొండలో ఉండి తెలంగాణ గ్రూప్-2 ఉద్యోగాల పరీక్షకు చదివిన, రాసిన, లిస్టులో పేరు రాలేదు, మళ్లీ చదువుతున్న. విశ్వాసుల ఇళ్ల నుంచి వచ్చి ఇదే దారిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

783 పోస్టులకు నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు అన్నరు, తర్వాత నవంబర్, తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు. చివరికి డిసెంబర్ 15, 16 తేదీల్లో రాసినం. వాయిదా పడ్డప్పుడల్లా చాలామంది పుస్తకాలు మూసేసిన్రు. మనోళ్లయితే ఇంకో అడుగు ముందుకేసి, "దేవుని సమయం" అని పేరు పెట్టి మూసేస్తరు. నాకు పేచీ ఇక్కడనే. యాకోబు పత్రికలో "ఓర్పు తన క్రియను కొనసాగింపనీయుడి" అని ఉంది. చేతులు కట్టుకొని కూర్చుంటే కొనసాగేదేముంటది?

అట్లని వాయిదా వార్త రాంగనే స్తోత్రం చెప్పి నవ్వాలని కాదు. 13వ కీర్తన మొదలయ్యేదే "ఎన్నాళ్లవరకు" అని నిలదీస్తూ. దావీదుకు లేని మొహమాటం మనకెందుకు? ఏలీయా ప్రవక్త అయితే బదరీవృక్షం కింద కూలబడి చచ్చిపోతా అన్నడు. దూత వచ్చి ప్రసంగం చెయ్యలేదు. లేపి రొట్టె, నీళ్లు చూపించిండు, తిని పడుకోనిచ్చిండు, మళ్లీ లేపి తినమన్నడు. రెండో వాయిదా రోజు నేనూ అదే చేసిన. మెస్సుకు పోయి కడుపునిండా తిని పడుకున్న. పరీక్ష ముందు రోజుల్లో ఉపవాస ప్రార్థన పెట్టుకునే చెల్లెళ్లకు ఇదే చెప్త: ఆ వారం తినండి, నిద్రపోండి.

నా పద్ధతి పెద్దదేం కాదు. పొద్దున ఒక కీర్తన, తర్వాత పేపర్-4లో, అంటే తెలంగాణ ఉద్యమ చరిత్రలో, ఒక టాపిక్. 1948-70, 1971-90, 1991-2014 అని సిలబస్ మూడు దశలుగా ఉంటది కదా, ఒక దశ అయిపోతే తర్వాతది, మూడూ అయిపోతే మళ్లీ మొదటికి. పరీక్ష తేదీ ఉందా లేదా అని చూడలే. (కీర్తనలు 150, పేపర్‌కు ప్రశ్నలు 150, టైమూ 150 నిమిషాలు. ఇందులో సూచనలు వెతక్కండి, సగం మంది వెతుకుతరని తెలుసు.)

కొత్త సంవత్సరానికని చర్చిలో ఇచ్చే బైబిల్ వచనాల వాగ్దాన కార్డుల సంగతీ అంతే. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో "తలగా నియమించును గాని తోకగా నియమింపడు" అనే కార్డు వస్తే దాన్ని ర్యాంకు కార్డులెక్క హాల్‌టికెట్‌తోపాటు దాచుకున్నోళ్లు నాకు తెలుసు. ద్వితీయోపదేశకాండం 28లో ఆ మాట ఒక జనాంగానికి, షరతులతో చెప్పింది. దాన్ని కటాఫ్‌కు ముడిపెడితే, రిజల్ట్ రోజు ఉద్యోగంతోపాటు విశ్వాసం కూడా పోతది.

ఇంకో ముచ్చట, బయట ఎక్కువ మాట్లాడరు. పాలిటీలో 1950 ఎస్సీ ఉత్తర్వు, మూడో పేరా చదువుతం, ఏ మతంలో ఉన్నోళ్లను ఎస్సీలుగా లెక్కపెట్టాలో చెప్పేది అదే: 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిన్రు, క్రైస్తవులను చేర్చలేదు. పక్క సీటాయనకు అది ఒక బిట్టు. మా తాత బాప్తిస్మం తీసుకున్నడు కాబట్టి నాకది బీసీ-సీ సర్టిఫికెట్, అంటే క్రైస్తవులైన ఎస్సీలకు, వాళ్ల పిల్లలకు ఇచ్చే ఒక్క శాతం రిజర్వేషన్. 783లో ఒక్క శాతం ఎంతో మీరే లెక్కేసుకోండి. కోపం రాదా అంటే వస్తది. ఆ కోపాన్ని కూడా ప్రార్థనలో పెట్టొచ్చని 13వ కీర్తన దగ్గరనే తెలిసింది.

ఆదివారాల గురించి చాలామంది అడిగిన్రు. డిసెంబర్ 15 ఆదివారమే, కేరల్స్ తిరిగే రోజులు. అంతకుముందు గ్రూప్-1 ప్రిలిమ్స్ మూడుసార్లూ ఆదివారమే పెట్టిన్రు. ఆరాధన పోయిందని గిల్టీగా హాల్లో కూర్చోకండి, శనివారం సాయంత్రం ప్రార్థన చేసుకొని పోండి.

డోర్నకల్ మనకు దగ్గరే, ఒకసారి పోయి కథీడ్రల్ చూసి రండి. అజరయ్య గారు అక్కడ బిషప్ అయింది 1912లో, ఆ గుడి ప్రతిష్ఠ జరిగింది 1939లో. ఆ డయోసిస్‌లో ఆడోళ్లు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి దేవునికని పక్కన పెట్టేటోళ్లు. చాలావరకు కూలినాలి చేసుకునే ఇండ్లు. కొంచెమే అయినా ఆపకుండా పెట్టుడు చూసి, నా రోజువారీ ఒక టాపిక్కు ధైర్యం అక్కడి నుంచే వచ్చింది.

రిజల్ట్ వచ్చినంక చర్చిలో మొహం ఎట్ల చూపించాలె అంటరా? మా స్త్రీల సమాజం ఆంటీ ఒకామె ప్రతి ఆదివారం "ఏమైంది బిడ్డా?" అని అడుగుతది. మొదట్లో వెనక గేటు నుంచి జారుకునేదాన్ని. ఇప్పుడైతే నిలబడి చెప్తున్న: "ఇంకా చదువుతున్న ఆంటీ. ఎకానమీలో మార్కులు తక్కువొచ్చినయ్, పేపర్-3 కోసం ప్రార్థన చెయ్యండి." ఆమె ప్రార్థనలో "పేపర్-3" అని పేరు పెట్టి మరీ అడుగుతది.