ఓంకారం ఆగిన తర్వాత

నిరుడు నడుం నొప్పికి ఎంఆర్ఐ తీయించుకున్నాను. గొట్టంలోకి తోసిన కాసేపటికే డబడబమని ఒకటే మోత, చెవి పక్కన రేకు మీద సుత్తితో బాదుతున్నట్టు. ఆ టెన్షన్‌లో గుర్తొచ్చింది ఒక్క ఓంకారమే. కదలొద్దన్నారు కాబట్టి మనసులోనే అనుకున్నాను.

బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో కొందరు అలాంటి గొట్టంలోనే పడుకుని ఓంకారం పైకి పలికారని తర్వాత చదివాను. 2011లో అచ్చయిన పరిశోధన అది. పాల్గొన్నది 12 మంది. 5 సెకన్లు 'ఓ', 10 సెకన్లు 'మ్', ఆపైన 15 సెకన్లు ఊరుకోవడం. మళ్లీ మొదలు. పోల్చి చూడడానికి 'స్‌స్‌స్' అని కూడా అనిపించారు. ఓం అన్నప్పుడు, మెదడులో భయం కలిగితే చురుకయ్యే అమిగ్డాలా, దానితో ముడిపడ్డ మరికొన్ని భాగాలు నెమ్మదించాయి. 'స్‌స్‌స్'కి అలా జరగలేదు. మకారం పలికేటప్పుడు చెవుల చుట్టూ పుట్టే కంపనం అక్కడున్న వేగస్ నాడి (మెదడు నుంచి గుండె, పొట్ట దాకా వెళ్లే నరం) కొమ్మను కదిలిస్తుందేమోనని పరిశోధకుల ఊహ. ఊహే సుమా, అదీ 12 మందితో చేసిన తొలి ప్రయత్నం. 'సైన్స్ నిరూపించేసింది' అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు ఈ ముక్క వదిలేస్తారు.

నా మనసు మాత్రం ఆ 15 సెకన్ల దగ్గర ఆగిపోయింది. స్కాన్ లెక్కలో ఊరుకున్న సమయం కొలతకు మొదలు. ఓం అంటున్న మెదడును దేనితోనో ఒకదానితో పోల్చాలి కదా! మాండూక్యోపనిషత్తు లెక్క వేరు. ఉన్నవి 12 మంత్రాలే. ఓంకారంలోని అకారం మెలకువ, ఉకారం కల, మకారం గాఢనిద్ర అని వరసగా చెప్పుకొచ్చి, చివరి మంత్రంలో "అమాత్రశ్చతుర్థోఽవ్యవహార్యః" అంటుంది. నాలుగోదానికి మాత్ర, అంటే పలికే కొలత, లేదు, అది వ్యవహారానికి అందదు. ఓంకారం అణిగాక మిగిలే నిశ్శబ్దంలో దాన్ని పట్టుకోమని పెద్దలు చెబుతారు. అంటే యంత్రం సున్నా పెట్టుకున్న చోట ఉపనిషత్తు తురీయాన్ని, అంటే ఆ నాలుగోదాన్ని, వెతకమంటోంది. (ఊరికే నోరు మూసుకోవడమే తురీయమైతే బస్టాపులో నిలబడ్డ వాళ్లందరూ జ్ఞానులే అనుకోండి.)

మా తాతయ్య సంధ్యావందనం అయ్యాక పీట మీద నుంచి లేవకుండా మూడుసార్లు ఓం అనేవారు. మూడోసారి మకారం సన్నబడి సన్నబడి ఎక్కడ ఆగిందో తెలిసేది కాదు. పంచపాత్రలో ఉద్ధరిణి అలాగే ఉండేది. నానమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేది. నేను "తాతయ్యా" అనబోతే కళ్లతోనే కసిరేది. కాఫీ మీద మీగడ కట్టేది.