దూరాన బోర్డు, 24 థ్రెడ్లు: జీడీబీ మెమరీ క్యాష్‌తో నా అనుభవం

నేను పనిచేసేది అనంతపురంలో ఇంటి నుంచి. డీబగ్ చేయాల్సిన 64 బిట్ ఆర్మ్ బోర్డు బెంగళూరు ల్యాబ్‌లో ఉంది. నా ల్యాప్‌టాప్‌లో జీడీబీ (నడిచే ప్రోగ్రాంను ఆపి లోపల ఏముందో చూపించే డీబగ్గర్), బోర్డు మీద దాని తరఫున పనిచేసే జీడీబీసర్వర్, మధ్యలో వీపీఎన్. పింగ్ కొడితే పోయి రావడానికి 40 మిల్లీసెకన్లు పట్టే లైను. ప్రోగ్రాంలో 24 థ్రెడ్లు (పక్కపక్కనే సాగే పనుల వరుసలు), ఎక్కడో డెడ్‌లాక్, అంటే ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోవడం. ఇలాంటప్పుడు ఎవరైనా మొదట కొట్టేది ‘థ్రెడ్ అప్లై ఆల్ బీటీ’నే: ప్రతి థ్రెడ్‌లో ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో ఆ వరుస (బ్యాక్‌ట్రేస్, పొట్టిగా బీటీ) చూపించే కమాండ్. అది కొట్టి, టీ పెట్టుకొని రావచ్చు. అంత నిదానం.

నిదానం ఎక్కడుందో లెక్క వేస్తే తెలిసిపోతుంది. ఆ వరుసలోని ఒక్కో ఫంక్షన్ పిలుపుకు మెమరీలో స్టాక్ అనే భాగంలో ఒక ఫ్రేము ఉంటుంది. ఆర్మ్ 64లో ఒక ఫ్రేము నుంచి పై ఫ్రేముకు పోవాలంటే స్టాక్‌లో దాచిన ఫ్రేమ్ పాయింటర్, రిటర్న్ అడ్రస్ రెండూ చదవాలి. ఒక్కోటి 8 బైట్లు. క్యాష్ (ఒకసారి చదివినదాన్ని దగ్గరే దాచుకునే చోటు) లేకపోతే ఫ్రేముకు బోర్డును రెండు ప్రశ్నలు అడగాలి. థ్రెడ్‌కు 15 ఫ్రేములు అనుకుంటే 24 × 15 × 2 = 720 ప్రశ్నలు, ఒక్కోదానికి 40 మిల్లీసెకన్లు, మొత్తం దాదాపు 29 సెకన్లు. ఇది చదివే బైట్ల బరువు కాదు, తిరుగుడు ఖర్చు. కొత్తిమీరకు ఒకసారి, కరివేపాకుకు ఒకసారి పాతూరు మార్కెట్టుకు పోయొచ్చినట్టు.

జీడీబీలో దీనికి డీక్యాష్ అనే మెమరీ క్యాష్ ఉంది. స్టాక్-క్యాష్, కోడ్-క్యాష్ రెండూ మనం ఏమీ చేయకుండానే ఆన్‌లో ఉంటాయి. చాలామంది పొరబడేది ఇక్కడే: జీడీబీ క్యాష్ చేసేది స్టాక్ అని, కోడ్ అని తనకు తెలిసి చదివిన వాటినే. హీప్ (ప్రోగ్రాం నడుస్తూ అడిగి తీసుకునే మెమరీ), గ్లోబల్స్, డివైస్ రిజిస్టర్లు, షేర్డ్ మెమరీ (ఇంకో ప్రాసెస్‌తో పంచుకునేది) అడిగిన ప్రతిసారీ బోర్డు దాకా పోయి రావాల్సిందే. అది సరైన నిర్ణయమే. ఏ అడ్రస్ వెనక హార్డ్‌వేర్ ఉందో జీడీబీకి తెలియదు కదా.

లోపల ఏం జరుగుతోందో చూడాలంటే ‘సెట్ డీబగ్ రిమోట్ 1’ పెట్టి ఒక థ్రెడ్‌లో బీటీ కొట్టండి. మెమరీ చదివే ప్యాకెట్లు ‘ఎం’ అక్షరంతో (జీడీబీ, జీడీబీసర్వర్ రెండూ కొత్తవైతే ‘ఎక్స్’తో) మొదలై, ఆ వెనక అడ్రస్, కామా, పొడవు ఉంటాయి. స్టాక్-క్యాష్ ఆఫ్ చేసి చూస్తే పొడవు 8, మళ్లీ 8, మళ్లీ 8. ఆన్ చేస్తే పొడవు 40. అది హెక్స్, అంటే 64 బైట్లు. క్యాష్ ఒక్కసారికి తెచ్చుకునే ఈ ముక్కనే లైను అంటారు. ఒక ప్యాకెట్‌లో అడ్రస్ చివర 80 ఉంటే, దాన్ని ఆనుకొని ఉన్న తర్వాతి లైను అడిగినప్పుడు చివర సీ0 కనిపిస్తుంది. డీక్యాష్ లైను సైజు 64, లైన్లు 4096, మొత్తం 256 కేబీ. ఇవి మనం మార్చకపోతే ఉండే సెట్టింగులు.

64 బైట్ల లైనుతో ఫ్రేముకు రెండు ప్రశ్నలు ఒకటవుతాయి. ఆ రెండు విలువలూ పక్కపక్కనే, 16 బైట్ల సరిహద్దు మీద కూర్చుంటాయి కాబట్టి మామూలుగా ఒకే లైనులో పడతాయి. దాంతో 29 సెకన్లు 14కు వస్తాయి. అంతకన్నా తగ్గాలంటే ‘సెట్ డీక్యాష్ లైన్-సైజ్ 1024’. సగటున 100 బైట్ల ఫ్రేములు 15 ఉంటే 1500 బైట్లు, అంటే థ్రెడ్‌కు రెండు మూడు లైన్లు. మొత్తం 72 ప్రశ్నలకు మించవు, మూడు సెకన్ల లోపే. ఈ సైజు 64, 128, 256 లాగా 2కు ఏదో ఒక ఘాతంగానే ఉండాలి. 4096 దాటి పోవద్దు. అక్కడిదాకా లైను ఎప్పుడూ ఒకే పేజీలో (సిస్టమ్ మెమరీని పంచిపెట్టే ముక్కలో) ఉంటుంది. దాటితే స్టాక్ అంచున ప్రోగ్రాంకు కేటాయించని (మ్యాప్ కాని) పేజీని తగిలి లైను చదవడం విఫలమవుతుంది. అప్పుడు జీడీబీ కావలసిన ముక్కను విడిగా చదువుకుంటుంది గానీ, మనం ఆశించిన లాభం పోతుంది.

సీరియల్ కేబుల్ మీద మాత్రం ఈ చిట్కా ఎదురుతిరుగుతుంది. 115200 బాడ్ అంటే సెకనుకు సుమారు 11,520 అక్షరాలు. ఎం ప్యాకెట్ జవాబులో ఒక్కో బైటుకు రెండు హెక్స్ అక్షరాలు. 1024 బైట్ల లైనుకు దాదాపు 180 మిల్లీసెకన్లు పడితే, 64 బైట్ల లైనుకు పట్టేది 11. అక్కడ 64నే వదిలేయండి.

లైన్-సైజ్ కాకుండా డీక్యాష్ సైజు పెంచమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. మల్టీథ్రెడ్ పనిలో దానితో ఒరిగేది దాదాపు సున్నా. ‘ఇన్ఫో డీక్యాష్’ కొడితే అందులోని డేటా ఏ థ్రెడ్‌దో ఒక్క పేరే చూపిస్తుంది, ‘థ్రెడ్ 2317.2320’ అన్నట్టు. థ్రెడ్ మారి ఒక్క చదువు చదివితే చాలు, పాత థ్రెడ్ లైన్లన్నీ పోతాయి. 3వ థ్రెడ్ నుంచి 7కు వెళ్లి మళ్లీ 3కు వస్తే అంతా కొత్తగా తెచ్చుకోవాల్సిందే. అందుకే థ్రెడ్ల మధ్య ఊగకుండా ఒక థ్రెడ్‌లో బీటీ, లోకల్స్ అన్నీ చూసేసి ముందుకు పోవడం మేలు. ఒక్క స్టెప్ వేసినా క్యాష్ ఖాళీయే.

క్యాష్ తగ్గించలేని ఖర్చులూ ఉన్నాయి. ప్రతి థ్రెడ్‌కు రిజిస్టర్ల కోసం రెండు ప్యాకెట్లు, 24 థ్రెడ్లకు సుమారు రెండు సెకన్లు. ఇంకోటి ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు. క్యారెక్టర్ పాయింటర్ ఉంటే బీటీ ఆ స్ట్రింగ్‌ను కూడా చూపిస్తుంది. స్ట్రింగ్ ఉండేది స్టాక్‌లో కాదు కాబట్టి మళ్లీ ప్రయాణం. డెడ్‌లాక్ వేటలో ముందు ‘సెట్ ప్రింట్ ఫ్రేమ్-ఆర్గ్యుమెంట్స్ నన్’ పెట్టేస్తాను. ఏ థ్రెడ్ ఏ లాక్ దగ్గర ఆగిందో తేలాక, మ్యూటెక్స్ (ఆ లాక్) లోపలి ఓనర్ ఫీల్డులో ఉన్న నంబరును ‘ఇన్ఫో థ్రెడ్స్’ లిస్టులో ‘2317.2320’ లాంటి జతలోని రెండో నంబరుతో పోల్చుకుంటే లాక్ పట్టుకున్న థ్రెడ్ దొరుకుతుంది.

హీప్‌లో ఉన్న లింక్డ్ లిస్టు నడవాలంటే ‘మెమ్’ కమాండ్ ఉంది: మొదలు అడ్రస్, చివరి అడ్రస్, ‘ఆర్‌డబ్ల్యూ క్యాష్’. అడ్రస్‌లు ‘ఇన్ఫో ప్రాక్ మ్యాపింగ్స్’ నుంచి తీసుకోవాలి. అందులో ‘హీప్’ అని రాసి ఉన్నది మెయిన్ థ్రెడ్ వాడేది. గ్లిబ్‌సీలో (లైనక్స్‌లో వాడే సీ లైబ్రరీ) మిగతా థ్రెడ్లు మాలాక్‌తో తీసుకున్న మెమరీ మామూలుగా పేరులేని మ్యాపింగుల్లో, 64 ఎంబీ సరిహద్దు మీద మొదలయ్యే అరీనాల్లో (మాలాక్ విడిగా పెట్టుకునే నిల్వల్లో) ఉంటుంది. వెతకాల్సింది అక్కడ. మెమ్ రేంజ్ ఒక్కటి పెట్టగానే ‘కెనాట్ యాక్సెస్ మెమరీ’ అంటూ బీటీ కూడా ఆగిపోతే కంగారు పడొద్దు. ఒక్క రేంజ్ నిర్వచించినా మిగతా మెమరీ అంతా లేనట్టే లెక్క. ‘సెట్ మెమ్ ఇన్ఆక్సెసిబుల్-బై-డిఫాల్ట్ ఆఫ్’ ముందే కొట్టుకోవాలి. ఇంకో ప్రాసెస్ రాసే షేర్డ్ మెమరీని మాత్రం ఇలా క్యాష్‌లో పెట్టొద్దు. మన థ్రెడ్లు ఆగి ఉన్నా ఆ ప్రాసెస్ రాస్తూనే ఉంటుంది, మనకు కనిపించేది పాత విలువ.

నాన్-స్టాప్ మోడ్ కథ వేరు. ఒక థ్రెడ్ ఆగి, మిగతావి పరుగెడుతుంటాయి. ఆగిన థ్రెడ్ తన స్టాక్‌లోని వేరియబుల్ అడ్రస్‌ను వర్కర్‌కు (పని అప్పగించిన ఇంకో థ్రెడ్‌కు) ఇచ్చి ఉంటే, వర్కర్ దాన్ని ఎప్పుడైనా మార్చవచ్చు. జీడీబీ దీనికి మొరటు మందు వేసింది: నాన్-స్టాప్‌లో ప్రతి కమాండ్‌కూ ముందు డీక్యాష్ ఖాళీ చేస్తుంది. కమాండ్ నడిచినంతసేపే క్యాష్. చేత్తో కొట్టే ‘ప్రింట్’ ఎప్పుడూ తాజాదే చూపిస్తుంది.

పైథాన్ స్క్రిప్టు దీనికి అందదు. స్క్రిప్టు అంతా కలిపి జీడీబీకి ఒకే కమాండ్. లూపులో ‘రీడ్_వార్’తో లోకల్ వేరియబుల్ మారిందా అని కనిపెడుతుంటే, మొదటిసారి తెచ్చిన లైనే మళ్లీ మళ్లీ వస్తుంది. వర్కర్ పని ముగించి ఆ వేరియబుల్‌ను మార్చినా లూపు తిరుగుతూనే ఉంటుంది. లూపులో ప్రతి చుట్టూ ‘మెయింట్ ఫ్లష్ డీక్యాష్’ను జీడీబీ ఎగ్జిక్యూట్ ద్వారా పిలిస్తే సరి. మీ జీడీబీ పాతదై ఆ కమాండ్ లేకపోతే, స్టాక్-క్యాష్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఆ సెట్టింగ్ మారినప్పుడల్లా డీక్యాష్ ఖాళీ అవుతుంది.