దువ్వెన జారిపోయింది

మాడు నుంచి చివర దాకా దువ్వెన ఎక్కడా ఆగకుండా జారిపోయింది. పొద్దున తలస్నానం అయ్యాక ఇదే జుట్టుతో కుస్తీ పట్టి రెండు పళ్లు విరగ్గొట్టాను, ఇప్పుడు రెండు చుక్కల సీరం రాసేసరికి ఏమీ ఎరగనట్టు పట్టులా పడి ఉంది.

అనుమానం వచ్చి సీసా వెనక్కి తిప్పి చదివా. మొదటి పేరు సైక్లోపెంటాసిలోక్సేన్, తర్వాత డైమెథికోనాల్. రెండూ సిలికోన్లే, అంటే నూనెలా జారే రసాయనాలు. మొదటిది మోత కూలీ లాంటిది, సరుకును జుట్టంతా పరిచి కాసేపటికి ఆవిరైపోతుంది. రెండోది మాత్రం అక్కడే సన్నటి పొరలా ఉండిపోతుంది. వెంట్రుక మీద పెంకుల్లా లేచిన పొలుసులను ఆ పొర కప్పేస్తే ఒకదానికొకటి రాసుకోవడం తగ్గుతుంది, పడిన వెలుతురు చెదరకుండా తిరిగొస్తుంది, మనం మెరుపు అని మురిసిపోయేది దాన్నే.

అంటే జుట్టు బాగుపడలేదన్నమాట! చిట్లిన చివర చిట్లినట్టే ఉంది, పైన దుప్పటి కప్పారంతే. కాస్త మోసపోయినట్టు అనిపించింది గానీ, చిక్కులు లాగి తెంపుకోవడం కన్నా ఈ దుప్పటే నయం.

మేకప్‌కి ముందు ముఖానికి రాసే ప్రైమర్ కూడా చాలావరకు ఇదే బాపతు, అందుకే వేలికి వెల్వెట్‌లా తగులుతుంది. చర్మం మీది గుంటల్ని మాన్పదు, పైపైన నింపి నునుపుగా కనిపించేలా చేస్తుంది.

ఈ పొర ఉత్త నీళ్లకి పోదు, షాంపూ పడాల్సిందే. పొద్దున జుట్టుకి బద్ధకించి నీళ్లే పోసుకున్నా. రేపు సరిగ్గా రుద్దాలి, అంతకంటే ముందు కొత్త దువ్వెన కొనాలి.